ఇంటికి ఏసీపీ షీట్లు వేయిస్తున్నారా? మధ్యలో ఏముందో అడగండి

కొత్త ఇల్లు కట్టినా, పాత ఇంటికి కొత్త రూపు ఇచ్చినా ముందుభాగానికి మెటల్ షీట్లు బిగించడం ఇప్పుడు మామూలైపోయింది. చూడ్డానికి బాగుంటాయి, మాటిమాటికీ రంగులు వేయించే బాధ ఉండదు, పని కూడా తొందరగా అయిపోతుంది. అయితే రంగు, డిజైన్, అడుగు రేటు అడిగే మనం షీటు మధ్యలో ఏముందో మాత్రం అడగం.

ఎక్కువగా వాడేది ఏసీపీ, అంటే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. మందం సాధారణంగా 3 లేదా 4 మిల్లీమీటర్లు. రెండు వైపులా ఉండే అల్యూమినియం రేకు అర మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో ఉంటుంది. మిగతాదంతా మధ్యలోని పదార్థమే. దీన్ని కోర్ అంటారు. చవక రకాల్లో ఇది పాలిథిలిన్ ప్లాస్టిక్. మంట తగిలితే కరిగి, మండుతూ కిందికి కారుతుంది. పైగా షీటుకూ గోడకూ మధ్య ఖాళీ ఉంటుంది. అందులోకి మంట చేరితే పొగగొట్టంలోలాగా పైకి లాగేస్తుంది.

లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో జరిగింది ఇదే. 2017 జూన్ 14 అర్ధరాత్రి దాటాక నాలుగో అంతస్తులోని ఒక ఫ్లాట్‌లో ఫ్రిజ్ నుంచి మంటలు లేచాయి. బయటి షీట్లకు అంటుకుని భవనం పైదాకా పాకాయి. 72 మంది చనిపోయారు. అది రంజాన్ మాసం. మెలకువగా ఉన్న కొందరు ముస్లింలు పొరుగువాళ్ల తలుపులు తట్టి లేపారని అప్పట్లో వార్తలొచ్చాయి. మంటలు అంతగా పాకడానికి పాలిథిలిన్ కోర్ ఉన్న షీట్లే ప్రధాన కారణమని విచారణలో తేలింది. 2018లో ఇంగ్లాండ్ 18 మీటర్లు దాటిన కొత్త నివాస భవనాల బయటి గోడలకు మండే పదార్థాలు వాడకుండా నిషేధం పెట్టింది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు దుబాయ్ టార్చ్ టవర్ గుర్తుండే ఉంటుంది. 2015లో, మళ్లీ 2017లో అక్కడా మంటలు బయటి గోడల వెంటే పాకాయి.

మరి మనం ఏం చేయాలి?

- కోర్ ఏమిటో అడగండి. 'ఎఫ్ఆర్' అంటే మంటను కొంత తట్టుకునే రకం, అసలు మండదని కాదు. 'ఏ2' రకంలో కోర్ ఎక్కువగా ఖనిజ పదార్థమే కాబట్టి ఇంకా భద్రం. మధ్యలో ప్లాస్టిక్ లేని గట్టి అల్యూమినియం షీట్లూ ఉన్నాయి, ఖర్చు ఎక్కువ.
- పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి కంపెనీ పేరు, గ్రేడ్ కొటేషన్‌లోనూ బిల్లులోనూ రాయించుకోండి. టెస్ట్ రిపోర్ట్ అడిగి, వచ్చిన షీటుతో సరిపోల్చుకోండి.
- అందం కోసం కిటికీలు, మెట్ల దగ్గరి గాలి దారులు మూయించకండి. పొగ బయటికి పోవాలన్నా, మనం బయటపడాలన్నా అవే దారి.
- అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ మీటింగ్‌లో రేటుతో పాటు గ్రేడ్ కూడా చర్చకు పెట్టండి. ఒక ఫ్లాట్‌లో అంటుకున్న మంట పై ఇళ్లన్నిటికీ పాకుతుంది.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. బడ్జెట్ సరిపోకపోతే షీట్లు వేసే చోటు తగ్గించుకోండి, గ్రేడ్ మాత్రం తగ్గించకండి. మిగతా గోడకు ప్లాస్టరింగ్, పెయింట్ చాలు.