క్రిస్మస్ చెట్టు మీది దుమ్ము: దులపాలా, కడగాలా?

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి ఖరగ్‌పూర్‌లో మంచి వాన పడి చాలా రోజులై ఉంటుంది. ఐఐటీని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లో రోడ్డువైపు వరండాల్లోని మొక్కలు అసలు రంగు కోల్పోతాయి. ఇక్కడిది ఎర్రటి లాటరైట్ నేల. ఎండితే మెత్తని పొడిగా లేస్తుంది. దానికి బొగ్గు పొయ్యిల మసి, లారీల పొగ తోడవుతాయి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రైల్వే పట్టణంలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. వారిలో క్రిస్మస్ చేసుకునేవారు ఏడాదంతా వరండాలో ఉన్న చెట్టును కుండీతో సహా లోపలికి తెచ్చేది ఈ రోజుల్లోనే. నక్షత్రాలు కట్టడానికి ముందు ఆ దుమ్మును వదిలించాలి. ఇంట్లోనే ఆ పని చేయాలంటే కాస్త భౌతికశాస్త్రం పనికొస్తుంది.

మన దగ్గర నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మేది ఎక్కువగా అరకేరియా. పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన ఈ చెట్టు కొమ్మలు అంతస్తులుగా పెరుగుతాయి. కుండీ దొరకనివారు సరుగుడు కొమ్మ నరికి తెచ్చుకుంటారు. కోస్తా ఆంధ్రలో ఇది పాత అలవాటు. ఖరగ్‌పూర్‌కు దగ్గర్లోని దీఘా తీరంలోనూ సరుగుడు తోపులున్నాయి. చూడటానికి పైన్‌లా ఉన్నా సరుగుడు పూలు పూసే జాతి చెట్టు. మనం ఆకులనుకునేవి నిజానికి సన్నని పచ్చని రెమ్మలు. అసలు ఆకులు కణుపుల దగ్గర చిన్న పొలుసుల్లా మిగిలాయి. పిల్లలు కణుపు విడదీసి మళ్లీ అతికించి, ఎక్కడ విరిచానో చెప్పమని ఆడుకునేది ఈ రెమ్మలతోనే. రెమ్మ పొడవునా సన్నని గాడులుంటాయి. గాలి పీల్చే పత్రరంధ్రాలు ఆ గాడుల్లోనే ఉంటాయి, దుమ్ము చేరేదీ అక్కడికే.

చెట్టును పట్టుకుని ఊపితే కొంత దుమ్ము రాలుతుంది. కానీ రాలేది పెద్ద కణాలే. కణం వ్యాసం పది రెట్లు తగ్గితే దాని బరువు వెయ్యి రెట్లు తగ్గుతుంది. ఆకుకు అంటిపెట్టుకునే అణువుల మధ్య ఆకర్షణ మాత్రం సుమారు పది రెట్లే తగ్గుతుంది. అంటే బరువుతో పోలిస్తే చిన్న కణం పట్టు వంద రెట్లు పెరిగినట్టు. ఎంత ఊపినా సన్న ధూళి కదలకపోవడానికి కారణం ఇదే. దీనికి పొగమంచు కూడా తోడవుతుంది. తెల్లవారుజామున తడిసి పొద్దెక్కాక ఆరే దుమ్ములో కరిగిన లవణాలు గట్టిపడి సిమెంటులా పనిచేస్తాయి. సౌర ఫలకాల మీద పేరుకున్న మురికి గుడ్డతో రుద్దితే తప్ప వదలకపోవడానికీ ఇదొక కారణం.

ఊడివచ్చిన దుమ్ము ఎక్కడికి పోతుందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. తలుపులు మూసిన గదిలో, కదలని గాలిలో, రెండు మీటర్ల ఎత్తు నుంచి 10 మైక్రాన్ల మట్టి కణం నేల చేరడానికి నాలుగు నిమిషాలు చాలు. 1 మైక్రాన్ కణానికి ఆరేడు గంటలు పడుతుంది. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లగలిగేవి ఆ సన్నవే. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలో పెద్దవాళ్లో ఉంటే, చెట్టును గది మధ్యలో పెట్టి చీపురుతో దులపడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. పొడిగా దులపాలనుకుంటే ఆ పని గుమ్మం బయటే చేయాలి.

ఇంటి లోపల నీళ్లే దారి. ఆకు మీద నీటి అంచు కదిలేటప్పుడు తలతన్యత బలం కణాన్ని లాగుతుంది. ఈ బలం కూడా కణం బరువును బట్టి కాక వ్యాసాన్ని బట్టే మారుతుంది. అందుకే ఊపుడుకు లొంగని సన్న ధూళి కూడా జారే నీటి చుక్కకు లొంగుతుంది. తామరాకు మీద దొర్లే చుక్క దుమ్మును ఎత్తుకుపోవడం వెనకా ఉన్నది ఇదే. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ 1997లో తన సహచరుడితో కలిసి ప్రచురించిన పరిశోధనతో ఈ విషయం బాగా ప్రసిద్ధమైంది.

అయితే చుక్క కదలాలి. పైపైన తడిపి వదిలేస్తే మిగిలేది బురద పూత. ఆరాక అది ముందుకన్నా గట్టిగా అంటుకుంటుంది.

పనిలోకి దిగేముందు కుండీలోని మట్టిని పాలిథీన్ కవరుతో కప్పి మొదలు దగ్గర కట్టాలి. లేకపోతే కారిన నీళ్లు మట్టిని ముద్ద చేసి వేళ్లకు గాలి అందకుండా చేస్తాయి. స్నానాల గదిలో పడితే చెట్టును అక్కడే నిలబెట్టడం మేలు. పట్టకపోతే కింద పాత దుప్పటి పరచాలి. ముందు స్ప్రేయర్‌తో సన్నగా తడిపి రెండు మూడు నిమిషాలు ఆగాలి. దుమ్ము నాని, గాలిలోకి లేవకుండా ముద్దకడుతుంది. తరువాత పై అంతస్తు నుంచి కిందికి, చుక్కలు కారేంత ధారగా నీళ్లు పోయాలి. అరకేరియా ఆకులు కొమ్మ చివరివైపు వాలి ఉంటాయి కాబట్టి తడి గుడ్డతో తుడిస్తే మొదలు నుంచి చివరికే తుడవాలి. ఎదురు తుడిస్తే ఆకులు విరుగుతాయి, వేళ్లకూ గుచ్చుకుంటాయి. శిఖరాన ఉన్న మొగ్గను మాత్రం తాకకూడదు. అది విరిగితే పక్క కొమ్మ ఏదీ నిటారుగా లేచి దాని స్థానం తీసుకోదు. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు ఆకారం పోతుంది.

మసి జిడ్డు చూసి గిన్నెలు తోమే సబ్బు వాడాలనిపిస్తుంది. వద్దు. ఆకు పైన ఉండే మైనపు పొర లోపలి తేమను కాపాడుతుంది. గాఢమైన సబ్బునీళ్లు ఆ పొరను చెడగొడతాయి. పైగా కొంత ధూళి ఆ మైనంలోనే కూరుకుపోయి ఉంటుంది. ఆకుల మీద దుమ్మును కొలిచే శాస్త్రవేత్తలు నీటితో కడిగినప్పుడు వచ్చినదాన్ని ఒక లెక్కగా, క్లోరోఫాంతో మైనాన్ని కరిగించినప్పుడు వచ్చినదాన్ని ఇంకో లెక్కగా చూస్తారు. ఆ రెండో లెక్కలోది ఇంట్లో ఎలాగూ వదలదు, గాలిలోకీ అంత తేలిగ్గా లేవదు. రెండుసార్లు కడిగాక కూడా ఆకు కాస్త మసకగా కనిపిస్తే అలాగే వదిలేయవచ్చు.

ఇక ఆరబెట్టడం. ఫ్యాను కింద అరకేరియాకు కొన్ని గంటలు చాలవచ్చు. సరుగుడు గాడుల్లో నీళ్లు ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టి రాత్రంతా వదలాలి. బజారులో దొరికే చవక సీరియల్ లైట్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, తీగలోకి నేరుగా 230 వోల్టులే వస్తాయి. పలుచని తొడుగు ఎక్కడైనా చిట్లి ఉంటే తడి కొమ్మ ద్వారా షాక్ తగలవచ్చు. కొమ్మల లోపలి వరుసల్లో, మొదలు దగ్గర చేయిపెట్టి తడి లేదని చూసుకున్నాకే లైట్లు చుట్టాలి, ప్లగ్గు ఆ తరువాతే పెట్టాలి.