రిఫ్లెక్టివ్: పక్కమాటను బట్టి అర్థం

ఆదివారాలు హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో ఇంగ్లీషు నిఘంటువులకు లోటుండదు. వాటిలో మంచిది ఏది తెరిచినా ‘రిఫ్లెక్టివ్’ అనే విశేషణానికి ఒకటికి మించి అర్థాలుంటాయి. మొదటిది కంటపడగానే పుస్తకం మూసేయడమే మన అనువాదాల్లో చాలా తప్పులకు మూలం. ఈ మాట వస్తువు పక్కన చేరితే వెలుగును తిప్పికొట్టేదని అర్థం. మనిషి పక్కన చేరితే, చేసిన పనిని తరచి చూసుకునే స్వభావమని అర్థం. వెనక ‘ఆఫ్’ వస్తే, ఒక పరిస్థితికి అద్దం పడుతోందని అర్థం.

మొదటి అర్థం నాంపల్లి స్టేషన్ దగ్గర ఆటోల వెనక ఎర్రని పట్టీల్లో కనిపిస్తుంది. జనం వాటిని ‘రేడియం స్టిక్కర్’ అంటారు. కానీ రేడియం పూసిన పాత గడియారపు అంకెలు చీకట్లో వాటంతటవే వెలిగేవి. ఈ పట్టీకి సొంత వెలుగు లేదు. వెనక బండి హెడ్‌లైటు కాంతి పడితే, దాన్ని వచ్చిన వైపే తిప్పి పంపుతుంది. లైటు వేయని బండివాడికి అది అక్కరకు రాదు. రెండో అర్థానికి బలం అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లో రాసిన ‘హౌ వి థింక్’. నమ్మేదానికి ఆధారమేమిటో ఓపికగా పరీక్షించడమే ఆయన దృష్టిలో రిఫ్లెక్టివ్ ఆలోచన. దీన్ని ‘రిఫ్లెక్స్’తో కలపకూడదు. వేడి పెనం తగలగానే చెయ్యి లాక్కోవడం అసంకల్పిత ప్రతీకార చర్య. అక్కడ ఆలోచనకు తావే లేదు.

ఇంత శ్రమ ఎందుకు, ‘రిఫ్లెక్టివ్’ అనే రాసేయవచ్చు కదా అంటారు కొందరు. పట్టీ విషయంలో సరే. ‘రిఫ్లెక్టివ్ టీచర్’ అని రాస్తే మాత్రం తెలుగు చదువరికి ఏమీ అందదు. శాస్త్రానికి ఒకే పదం ఉండాలనేది ఇంకో వాదన. భౌతికశాస్త్రంలో అది న్యాయమే. అక్కడ ‘పరావర్తనం’ స్థిరపడింది. అదే పదాన్ని బడిలోకి తెచ్చి ‘పరావర్తక ఉపాధ్యాయుడు’ అంటే పిల్లలే కాదు, ఆ ఉపాధ్యాయుడూ అయోమయంలో పడతాడు. ‘తన బోధనను తానే సమీక్షించుకునే ఉపాధ్యాయుడు’ అంటే మాట పొడవైనా అర్థం నిలుస్తుంది. ఇక మూడో అర్థంలో, ‘ఫలితాలు బడుల స్థితికి అద్దం పడుతున్నాయి’ అనే వాక్యం ఏ నిఘంటువూ చూడకుండానే అర్థమవుతుంది. కాబట్టి అనువాదకులూ, ఇంగ్లీషు నేర్పే మాస్టార్లూ ముందు పక్కనున్న నామవాచకాన్ని చూడండి; తెలుగు మాటను ఆ తర్వాతే ఎంచుకోండి.