గ్రామనామ పరిశోధనయు, అప్రకటిత ఏ.పి.ఐ.ల పరిశీలనమును

గ్రామనామములు భాషాచరిత్రకు ముఖ్యమైన ఆకరములని మన విద్వాంసులు చిరకాలమునుండి గుర్తించియున్నారు. కడప జిల్లా ఊళ్ళ పేర్లపై కేతు విశ్వనాథరెడ్డిగారు చేసిన పరిశోధన ఇందుకు చక్కని నిదర్శనము. శాసనములు, కైఫీయతులు, రెవెన్యూ పట్టికలు ఇట్టి పనికి తొలినుండియు ఆధారములు. నేటి పరిశోధక విద్యార్థి మొట్టమొదట చేయు పని వేఱు. అతడొక ప్రభుత్వశాఖవారి వెబ్‌సైటును తెఱచి, జిల్లా, మండలము, గ్రామము అను మూడు పట్టీలలో ఒకదాని తరువాత నొకటి ఎన్నుకొనుచు పోవును. ఆ పట్టీలలోనికి పేర్లు ఎచ్చటినుండి వచ్చుచున్నవి? వానిని మనము ఏ మేరకు తీసికొనవచ్చును? ఈ రెండు ప్రశ్నలను హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల గ్రామనామములను ఆధారముగా గొని ఇచ్చట వివరింపదలచితిమి.

ఈ ప్రాంతమును ఎన్నుకొనుటకు కారణము కలదు. హిందూపురము కర్ణాటక సరిహద్దున నున్నది. ఒక వంక తెలుగు 'పల్లి', 'పల్లె'. మఱియొక వంక కన్నడ 'హళ్ళి'. ఈ మూడింటి ఎల్లలను గీచుటకు ప్రతి ఊరిపేరునకు సరియైన తెలుగు వర్ణక్రమము కావలెను. కేంద్రప్రభుత్వము వారి స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో గ్రామముల పట్టికలు బహిరంగముగనే లభించుచున్నవి. విద్యార్థి ముందుగా చూడవలసినది దానినే. కాని ఆంగ్లలిపిలోని పట్టిక ఎంత సమగ్రమైనను అందు త-ట, ద-డ, న-ణ, ల-ళ భేదములు గాని, హ్రస్వదీర్ఘముల భేదములు గాని నిలువవు. 1565 నాటి యుద్ధము పిమ్మట విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండకును, పశ్చిమగోదావరి జిల్లాలోని పెనుగొండకును ఆంగ్లలిపిలో ఒక్క అక్షరమే భేదము. ఆ యక్షరమును అజాగ్రత్తగ వ్రాసిన గుమాస్తాలు తక్కువవారు కారు. కావున తెలుగులో పేర్లనిచ్చు వెబ్‌సైటుల కడకు పోక తప్పదు.

ఇట్టి వెబ్‌సైటులో జిల్లాను ఎన్నుకొనగనే పలుచోట్ల పుట యంతయు మఱల రాదు. బ్రౌజరు తెరవెనుక సర్వరునకు చిన్న అభ్యర్థనము నొకదానిని పంపును. సర్వరు మండలముల పేర్లను, వాని సంకేతసంఖ్యలను కూర్చి బదులిచ్చును. ఆ బదులు పట్టీలో నిండును. ఒక ప్రోగ్రాము మఱియొక ప్రోగ్రామును ప్రశ్నించుటకు ఏర్పఱచిన ఇట్టి ద్వారమునే ఏ.పి.ఐ. అందురు. కొన్నిటికి యజమానులే నియమావళిని ప్రకటింతురు. వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ ఇట్టిది. పెక్కింటికి అట్టి ప్రకటనము లేదు. అవి తమ పుటకొఱకు మాత్రమే కల్పించుకొన్నవి. వీనినే మేము అప్రకటిత ఏ.పి.ఐ.లనుచున్నాము. అప్రకటితమనగా రహస్యమని అర్థము కాదు. అందఱకును అనుమతింపబడినదనియు కాదు. చిక్కంతయు ఈ రెండింటి నడుమనే యున్నది.

చూచు విధానము కఠినమైనది కాదు. బ్రౌజరులో ఎఫ్ 12 మీటను నొక్కిన డెవలపర్ల ఉపకరణములు తెఱచుకొనును. అందు 'నెట్‌వర్క్' అను విభాగమున, మన బ్రౌజరునకును సర్వరునకును నడుచు సంభాషణ పంక్తులుగా కనబడును. ప్రతి పంక్తియందును చూడవలసినవి నాలుగు: అభ్యర్థనము పోయిన చిరునామా, దాని పద్ధతి, దానితో పంపిన విలువలు, వచ్చిన బదులు. పెనుకొండ మండలము నెన్నుకొని ఒక పంక్తిని, సోమందేపల్లి నెన్నుకొని మఱియొక పంక్తిని ప్రక్కప్రక్కన వ్రాసికొని పోల్చిన, మాఱిన సంఖ్య ఏదియో తేలిపోవును. భాషాశాస్త్ర విద్యార్థులకు ఇది క్రొత్త కాదు. వ్యాకరణము లేని భాషను వినువాడు 'పడి', 'బడి' వంటి జంటలను గైకొని, తక్కినదంతయు ఒక్కటిగ నుండ ఒక్క ధ్వని మాఱినపుడు అర్థము మాఱినదా యని చూచును. ఇచ్చటను అంతే. ఒక్కమాఱునకు ఒక్క విలువనే మార్చవలెను.

తెలుగు లిపి విషయమున ఒక మాట చెప్పవలసియున్నది. ఏలనన మన విద్యార్థులు ఇచ్చటనే బెదరుచున్నారు. చిరునామాలో తెలుగు పేరును పంపినపుడు అది శాతపు గుర్తుల వరుసగ మాఱును. 'పెనుకొండ' అను మాటలో యూనికోడు లెక్కకు 8 గుర్తులు గలవు. యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తు 3 బైట్లగును. ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతో గూడి 3 అక్షరములుగ వ్రాయబడును. వెరసి ఆ చిన్నపేరు 72 అక్షరముల పొడవు గలదియగును. ఇది గూఢలిపి కాదు, మాఱువేసము మాత్రమే. సామాన్యమైన ఉపకరణముతో తిరిగి తెలుగగును. ఇక 'పురము', 'పురం' అను రూపములు ఒకే పట్టికలో కలసియుండవచ్చును. ఐత్వము ఒక గుర్తుగను, రెండు గుర్తులుగను వ్రాయబడవచ్చును. కంటికి రెండును ఒక్కటే, యంత్రమునకు వేఱు. పేర్లను పోల్చుటకు ముందు వీనిని ఏకరూపమునకు తేవలెను.

ఇంతవరకు పని సులువు. ఎల్ల ఎచ్చటనో నిర్ణయించుటయే కష్టము. మేము చెప్పిన మూడు పట్టీలకు క్రింద భూమి లెక్కల వెబ్‌సైటులలో నాలుగవది యొకటి యుండును: సర్వే నంబరు. దానికవతల రైతు పేరు, అతని భూమి. ఊరిపేరు లోకమునకు చెందినది. రైతు పేరు అతనికి చెందినది. ఊరిపేరును వెదకుచు పోయిన విద్యార్థికి రెండవది గూడ అదే దారిలో, అదే యత్నముతో దొరకవచ్చును. దొరకినంత మాత్రమున అది తీసికొనదగినది కాదు. నడుమ కాప్చా యను పరీక్ష యున్నచో, యంత్రములు రావలదని యజమాని స్పష్టముగ చెప్పినట్లే. దానిని తప్పించుకొను ఉపాయములు పరిశోధన క్రిందికి రావు. అట్లే పుట మనకు చూపిన సంకేతసంఖ్యలనే అడుగవలెను. వరుసలో నడుమ లేని సంఖ్యలను ఊహించి యడుగుట మూసియున్న తలుపులను వరుసగ తట్టిచూచుట వంటిది.

ఈ హెచ్చరికలు ఊహాజనితములు కావు. హిందూపురమునుండి రైలులో పోదగిన బెంగళూరుననే 2017 ఆగస్టులో ఒక యువ ఇంజనీరు అరెస్టు చేయబడెను. ఆధార్ వివరములను చూపు మొబైల్ అనువర్తనము నొకదానిని అతడు తయారుచేసెను. ప్రభుత్వము వారి ఈ-హాస్పిటల్ వ్యవస్థకై యేర్పడిన మార్గమును అనుమతి లేక దానికొఱకు వాడుకొనెనని ఆరోపణము. 2018 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు బయలుపడియున్నవని హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి వెల్లడించెను. మతము, కులము ననుసరించి జనులను వెదకు సౌకర్యము గూడ అందుండెను. మొదటి ఉదంతమున దొరకిన మార్గము ఒక పనికి వినియోగింపబడెను. రెండవదాన దొరకిన లోపము లోకమునకు తెలుపబడెను. చూపు రెండింటను ఒక్కటే కావచ్చును, చేత వేఱు.

చట్టము మాటయు సంగ్రహముగ చెప్పవలెను. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 43వ సెక్షను, యజమాని అనుమతి లేక కంప్యూటరు నుండి దత్తాంశమును దించుకొనుటను, నకలు చేయుటను పరిహారమునకు పాత్రము చేయుచున్నది. వంచనబుద్ధితో చేసినచో 66వ సెక్షను క్రింద 3 ఏండ్ల వఱకు చెఱ, 5 లక్షల రూపాయల వఱకు జుల్మానా, లేక రెండును కలవు. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో ప్రత్యేక చట్టము వచ్చినది. అందు పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపు గలదు. ఆ షరతులను చదువక మినహాయింపును మాత్రము జ్ఞాపకముంచుకొనువారు కొందఱు కనబడుచున్నారు. లోపము కంటబడినచో దానిని ఇంకను త్రవ్విచూడక, ఆ సంస్థకును, సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థకును తెలుపవలెను. వ్యాసమున ఆ చిరునామాను ముద్రింపరాదు.

సర్వరునకు భారము కలిగింపకుండుట వేఱొక ధర్మము. యంత్రములు ఏ పుటలను తాకరాదో తెలుపు 'రోబోట్స్' పత్రము 1994లో ఆచారముగ మొదలై, 2022లో ప్రమాణముగ రూపొందినది. దానిని ముందు చదువవలెను. 429 అను సంఖ్య బదులుగ వచ్చిన, అడుగుట మితిమీఱినదని అర్థము, ఆగవలెను. ఇంతకును మన పని ఎంత? హిందూపురము, లేపాక్షి, చిలమత్తూరు, పరిగి, పెనుకొండ, సోమందేపల్లి, రొద్దము, గోరంట్ల, ధర్మవరము, బత్తలపల్లి, తాడిమఱ్ఱి, ముదిగుబ్బ: 12 మండలములు, 12 అభ్యర్థనములు. 10 సెకండ్ల కొకటి చొప్పున 2 నిమిషముల పని. దీనికి ప్రోగ్రాము వ్రాయబూనుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. చేతితో ఎన్నుకొని బదులులను భద్రపఱచుకొన్న చాలును. అట్లు భద్రపఱచిన ఫైలులో కుకీలు, ప్రవేశసంకేతములు ఉండవచ్చును గనుక దానిని ఇతరులకు ఉన్నదున్నట్లు పంపరాదు.

నమోదునందు చిరునామాయు, విలువలును, బదులు స్వరూపమును వ్రాసి, చూచిన తేదీని తప్పక చేర్చవలెను. అప్రకటిత మార్గములు చెప్పకయే మాఱును. 2022 ఏప్రిల్ 4న అనంతపురము జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లా విడివడినది; ఈ మూడు పట్టణములును క్రొత్త జిల్లాలోనికి వచ్చినవి. పాత పట్టికను, క్రొత్త పట్టికను తేదీలు చూడక కలిపినచో ఒకే ఊరు రెండుమాఱులు లెక్కకు వచ్చి, 'పల్లి'ల సంఖ్య లేనిపోని రీతిగ పెరుగును.

అనుమతి విషయమున సందేహము కలిగినచో, శాఖాధ్యక్షుని లేఖతో ఆ కార్యాలయమునే అడుగవచ్చును; 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తును పెట్టవచ్చును. ఆలస్యమగును గాని, అట్లు వచ్చిన పట్టికకు సిద్ధాంతవ్యాసమున ఆకరము చూపుట సులభము. ఏ మార్గమున వచ్చినను, పట్టికలో వర్ణక్రమపు గడి ప్రక్కన ఒక గడిని ఖాళీగ విడువవలెను. కార్యాలయము 'పల్లి' యని వ్రాసినదానిని ఊరివారు 'పల్లె' యందురో, 'హళ్ళి' యందురో రొద్దము, చిలమత్తూరు పల్లెలకు పోయి విని, ఆ గడిని నింపవలసియుండును.