చంటిబిడ్డతో పట్టణమున అంగడి



మా ఊరు హనుమాన్ జంక్షన్ చెంతనున్నది. చెన్నపురినుండి కలకత్తాకు పోవు రాజమార్గమును, నూజివీడు, గుడివాడల బాటలును అచ్చట కలియును. నడుమనున్న ఆంజనేయస్వామి పేరే ఊరికి నిలిచినది. విజయవాడ సుమారు 40 కిలోమీటర్లు. బ్రతుకుతెరువుకై చంకన బిడ్డతో అచ్చట బస్సెక్కు దంపతులను పెక్కుమందిని చూచితిని. వారిలో నా కుమార్తెయు నొకతె.

ఆమెయు అల్లుడును విజయవాడలో కుట్టుపని అంగడి పెట్టదలచిరి. మనుమనికి అప్పటికి రెండేండ్లు నిండలేదు. “బిడ్డను మా యొద్ద విడిచి పొండు, అంగడి కుదురుకొన్న పిదప తీసికొనిపోవచ్చు”నని చెప్పినవాడను నేనే. 35 ఏండ్లు బడిలో పాఠములు చెప్పినవాని మాట కాదనలేక వారట్లే చేసిరి. రెండు మాసములకు తల్లి వచ్చి చేతులు చాచగా, పసివాడు అమ్మమ్మ కొంగుచాటున దాగెను. నా కుమార్తె యేడ్వలేదు. చాచిన చేతులు ముడుచుకొని అరుగుపై కూర్చుండెను. నా సలహాలోని దోషము ఆనాడు నాకు తెలిసినది.

ఎనిమిదవ మాసము మొదలు మూడవ యేటివఱకు, దగ్గఱివారి యెడబాటు బిడ్డలను మిక్కిలి బాధించునని శిశుమనశ్శాస్త్రజ్ఞులు చెప్పుదురు. “ఆదివారము వత్తు”నన్న మాట ఆ వయస్సున కర్థము కాదు. మనకు రెండు మాసములు స్వల్పకాలము. రెండేండ్లు నిండనివానికి అది వాని యాయుష్షులో పెద్ద భాగము.

మఱి తల్లి యేమి చేయవలెను? 2017లో జరిగిన చట్టసవరణచే ఉద్యోగినులకు 26 వారముల ప్రసూతి సెలవును, 50 మందియో అంతకు మించియో పనిచేయు సంస్థలలో శిశుగృహమును ఏర్పడెను. తన అంగడికి తానే యజమానురాలైన స్త్రీకి సెలవిచ్చువా రెవ్వరు? 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకమువలన అంగన్‌వాడీలు వెలసినవి. కాని వాటిలో ఆటపాటల చదువు మూడేండ్లు నిండినవారికే. అంతకు చిన్నవారికి ఇంటికి ఆహార మిత్తురు. కావున రెండేండ్ల బిడ్డ గల తల్లికి నడుమ నొక కొఱత మిగులుచున్నది. 2022 నుండి ‘పాల్నా’ పథకము క్రింద కొన్ని అంగన్‌వాడీలలో ఆఱు మాసములు నిండిన బిడ్డలను సైతము పగటివేళ చూచు కేంద్రములు ఏర్పడినవి. అంగడికి చోటు వెదకునప్పుడే అట్టిది సమీపమున కలదేమో విచారింపవలెను. 1972లో ఇలా భట్ గారు అహమ్మదాబాదున స్థాపించిన ‘సేవా’ సంఘము ఈ కొఱతను గుర్తించి, స్వయంవృత్తిగల స్త్రీల బిడ్డలకై శిశుగృహములు నడపినది.

ఇక ధనము సంగతి. 2015లో వచ్చిన ముద్రా పథకమున 50,000 రూపాయలలోపు ఋణమునకు ‘శిశు’ యని పేరు, తాకట్టు అక్కఱలేదు. 2020 జూలై 1 నుండి జరుగుచున్న ఉద్యం నమోదునకు రుసుము లేదు. ఋణమునకు శిశువని పేరుపెట్టినవారు తెలిసియే పెట్టిరేమో! క్రొత్త అంగడియు శిశువే. వేళకు వాయిదా కోరును. ఇంటనున్న శిశువునకు జ్వరము వచ్చినను ఆ వాయిదా ఆగదు. కుట్టుయంత్రము, అద్దె, దారము లెక్కవ్రాయువారు బిడ్డను చూచు గంటలను లెక్కలో వ్రాయరు. ఆ గంటలును పెట్టుబడియే. ఆఱు మాసముల యింటి ఖర్చును వేఱుగా దాచినగాని అంగడి తెఱువరాదు.

మా లెక్క నిట్లు సరిదిద్దుకొంటిమి. దూరపు అంగడి విడిచి, ఇంటి వీధిగదిలోనికి యంత్రములు మార్పించితిమి. కత్తెర, సూదులు, ఇస్త్రీపెట్టె బిడ్డ కందని యెత్తున నుంచితిమి. మేమును వియ్యాలవారును నెలకొక జంటగా వచ్చి బిడ్డను కనిపెట్టుకొంటిమి. మేమక్కడ నుండగా పొలమును మా తమ్ముడు చూచెను. చోటు మారుటచే ఆ యేడు పెండ్లిండ్ల గిరాకి కొంత పోయినది, లాభము తగ్గినది. మనుమడు తల్లి ఒడిలో మునుపటివలె నిదురించుటకు మూడు వారములు పట్టెను. పోయిన గిరాకి మఱుసటి యేడు వచ్చినది. ఆ రెండు మాసములు మాత్రము తిరిగి రాలేదు.

పెద్దలారా, పట్టణమునకు పోవు బిడ్డలకు మనము ధనమీయలేకపోవచ్చును. మన యొద్ద కాలము కలదు. వారు పయనమైనప్పుడు “బిడ్డను మాకు విడిచి పొండ”నక, “మేమే వత్తు”మనుడు.