కొవ్వు ఊరికే కూర్చోదు

సెలవులకి ఇంటికెళ్తే అమ్మ మనల్ని చూసి అనే మొదటి మాట "ఏంటి, ఇలా చిక్కిపోయావు?" అదే పక్కింటి ఆంటీ అమ్మని చూస్తే "ఈ మధ్య కాస్త ఒళ్లు చేశావు వదినా" అంటుంది. మొదటి మాటకి ఇల్లంతా కంగారు. రెండో మాటకి అందరూ నవ్వేసి ఊరుకుంటారు. నలభై దాటాక ఆడవాళ్లు ఒళ్లు చేయడం మామూలే కదా అని మన లెక్క. మామూలే. కానీ ఆ బరువుకీ రొమ్ము క్యాన్సర్‌కీ మధ్య ఒక లంకె ఉంది. మన క్లాసులో చాలామంది అమ్మలు ఇప్పుడు సరిగ్గా ఆ లంకె మొదలయ్యే వయసులో ఉన్నారు. ఈ వ్యాసం అందుకే.

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం. 2022లో సుమారు 1 లక్షా 92 వేల కొత్త కేసులు వచ్చాయని అంతర్జాతీయ అంచనా. ఇంకోవైపు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. అంటే ఇది మన ఇళ్లకి బాగా దగ్గరి విషయం.

గోడౌన్ కాదు, ఫ్యాక్టరీ

కొవ్వు అంటే మిగిలిపోయిన శక్తిని దాచుకునే గోడౌన్ అని మనం అనుకుంటాం. నిజానికి అది పనిచేసే ఫ్యాక్టరీ. హార్మోన్లు తయారు చేస్తుంది, మిగతా అవయవాలకి సిగ్నల్స్ పంపుతుంది.

నెలసరి వచ్చినన్నాళ్లూ ఈస్ట్రోజన్‌ని ఎక్కువగా తయారు చేసేవి అండాశయాలు. మెనోపాజ్ తర్వాత అవి ఆ పని మానేస్తాయి. అయినా ఈస్ట్రోజన్ పూర్తిగా పోదు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కొన్ని హార్మోన్లు వదులుతుంటాయి. కొవ్వు కణజాలంలో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ వాటిని ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే ఈ మార్పిడి అంత ఎక్కువ. రొమ్ము క్యాన్సర్లలో చాలా వాటికి ఈస్ట్రోజనే ఎరువు. మెనోపాజ్ దాటిన పేషెంట్లకు డాక్టర్లు రాసే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు చేసే పని ఈ అరోమటేజ్‌ని ఆపడమే. మందు ఏ స్విచ్ ఆపుతోందో తెలిస్తే జబ్బుకి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో అర్థమవుతుంది.

ఇంకో దారి ఇన్సులిన్. పొట్ట దగ్గర కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అది చక్కెర సంగతి చూడటంతో ఆగకుండా కణాలకి "పెరగండి" అని కూడా చెబుతుంది. మూడో దారి, కొవ్వు ఎక్కువైన చోట నిప్పు ఆరని బూడిదలా సన్నగా రగిలే వాపు. ఇది బయటికి కనిపించదు, నొప్పి ఉండదు, కానీ కణాలు దెబ్బతినడానికి వాతావరణం సిద్ధం చేస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. మెనోపాజ్ రాకముందు ఈ లెక్క ఇలా ఉండదు. ఆ వయసులో బరువు ఎక్కువున్న వాళ్లలో రొమ్ము క్యాన్సర్ కాస్త తక్కువగానే కనిపిస్తుందని పెద్ద అధ్యయనాలు చెప్పాయి. అలాగని "మనకి ఇప్పుడు పర్లేదు" అనుకోవద్దు. ఇరవైల్లో మొదలై ఏడాదికి ఒకటి రెండు కిలోల చొప్పున చేరిన బరువు, నెలసరి ఆగిన రోజున సెలవు తీసుకుని వెళ్లిపోదు.

తగ్గితే లాభం ఉందా?

ఉంది. 50 ఏళ్లు దాటిన లక్షా 80 వేల మందికి పైగా ఆడవాళ్ల సమాచారంతో 2020లో ఒక అధ్యయనం వచ్చింది. 2 నుంచి 4.5 కిలోలు తగ్గి, ఆ తగ్గుదల నిలబెట్టుకున్న వాళ్లకి రొమ్ము క్యాన్సర్ ముప్పు 13 శాతం తక్కువ. 9 కిలోలు, ఆపైన తగ్గిన వాళ్లకి 26 శాతం తక్కువ. ఈ శాతాలని ఇంజనీర్లుగా సరిగ్గా చదవాలి. ఊరికే లెక్క కోసం, వెయ్యి మందిలో 20 మందికి వచ్చే జబ్బు అనుకుందాం. 26 శాతం తగ్గితే 15 మందికి వస్తుంది. అంటే సున్నా కాదు. బరువు తగ్గిన వాళ్లు నడక, తిండి లాంటివి కూడా మార్చుకుని ఉండొచ్చు కాబట్టి ఘనత మొత్తం కిలోలకే ఇవ్వలేం. అయినా ఆ ఐదుగురిలో మన అమ్మ ఉండొచ్చు కదా.

ఒక మాట గట్టిగా చెప్పాలి. సన్నగా ఉన్నవాళ్లకీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. బరువున్న వాళ్లలో ఎక్కువమందికి అసలు రాదు. వయసు, జన్యువులు, కుటుంబ చరిత్ర ఇవన్నీ ఉంటాయి. కాబట్టి జబ్బు వచ్చిన మనిషి ముందు కూర్చుని "ముందే ఒళ్లు తగ్గించుకోమన్నాం కదా" అనే చుట్టాల్లో మనం చేరకూడదు.

జబ్బు వచ్చాక

2014లో 82 అధ్యయనాలను కలిపి చూస్తే, జబ్బు బయటపడేనాటికి ఊబకాయం ఉన్నవాళ్లలో మరణాల ముప్పు మామూలు బరువున్న వాళ్ల కన్నా సుమారు 40 శాతం ఎక్కువని తేలింది. మరి చికిత్స తర్వాత బరువు తగ్గితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందా? దీన్ని తేల్చడానికే అమెరికా, కెనడాల్లో 3 వేల మందికి పైగా మహిళలతో బీవెల్ అనే ట్రయల్ పెట్టారు.

మన ఇళ్లలో ఈ సమయంలో రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి పథ్యం పేరుతో కడుపు మాడ్చడం. కీమో నడుస్తున్నప్పుడు శరీరానికి ప్రోటీన్ కావాలి. గుడ్డు, పప్పు, పెరుగు, చేప మానిపించడం తప్పు. రెండోది "బలం రావాలి" అని నెయ్యి, స్వీట్లు పెట్టి మంచం దిగనివ్వకపోవడం. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్లు, నీరసం, ముందుగా వచ్చే మెనోపాజ్ వల్ల ఈ పేషెంట్లు చాలామంది బరువు పెరుగుతారు. డాక్టర్ ఒప్పుకుంటే రోజూ కాసేపు నడిపించడం మేలు. బరువు ఎప్పుడు, ఎంత తగ్గాలో కూడా ఆయన్నే అడగాలి. ప్రయత్నం లేకుండా బరువు దానంతటదే పడిపోతుంటే సంతోషించకుండా వెంటనే చూపించాలి.

మనం చేయగలిగేది

ఎత్తు, బరువు తీసుకుని బీఎమ్‌ఐ లెక్కేయండి. బరువు కిలోల్లో, దాన్ని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. 155 సెంటీమీటర్లు, 62 కిలోలు అయితే 25.8. మన దేశపు ప్రమాణాల్లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఆడవాళ్లకి నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా అది 5 శాతం. మొదటి మెట్టుకి అది చాలు. పళ్లెంలో అన్నం కాస్త తగ్గి కూర పెరగాలి, వారానికి 150 నిమిషాల నడక ఉండాలి.

బరువు ఎంతున్నా సరే రొమ్ములో గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం కనిపిస్తే ఆగొద్దు. మొదట్లో గడ్డకి సాధారణంగా నొప్పి ఉండదు. "నొప్పి లేదుగా" అనే ధీమాతోనే నెలలు గడిచిపోతాయి. 30 దాటిన ఆడవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేసే కార్యక్రమం ఉంది. అమ్మ సిగ్గుపడి వెళ్లదు. చెల్లినో పిన్నినో తోడిచ్చి పంపే పని మనది.

రోజూ రాత్రి ఫోన్‌లో అమ్మ "తిన్నావా?" అని అడుగుతుంది. ఈ రాత్రి మనం కూడా ఒకటి అడుగుదాం: "అమ్మా, ఇవాళ నడిచావా?"