స్టూడియో మెరుపుదీపము: లోపమును కనుగొను విధము

పెండ్లిండ్ల కాలము వచ్చెనన్న కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణములలోని ఫోటో స్టూడియోలకు తీరిక యుండదు. అట్టి దినములలో స్ట్రోబ్ అనబడు మెరుపుదీపము పనిచేయకున్నచో, దానిని హైదరాబాదునకు పంపి బాగుచేయించి తెప్పించుకొనునంత వ్యవధి యెక్కడిది? వెంటనే స్క్రూడ్రైవరు తీసి పెట్టె విప్పవలెననిపించుట సహజము. కాని ప్లగ్గు పీకిన తరువాత కూడ ఆ పెట్టెలో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండును. దీపము పనిచేయు తీరు తెలిసినవారు చాల లోపములను పెట్టె విప్పకయే గుర్తింపగలరు. ఆ తీరెట్టిదో చూతము.

మూడు భాగములు

ఈ దీపములో ముఖ్యభాగములు మూడు. మొదటిది, ఇంటి కరెంటును ఏకముఖ విద్యుత్తుగా మార్చు భాగము. రెండవది, ఆ విద్యుత్తును నిలువచేయు కెపాసిటరు. మూడవది, జినాన్ వాయువు నింపిన గాజుగొట్టము, దానిని ప్రేరేపించు తీగచుట్ట. సన్నని ధారతో గోలెమును నింపి, ఒక్క పెట్టున కుమ్మరించుట వంటిదే యిది. జినాన్ మామూలుగా విద్యుత్తును పోనీయదు. మీట నొక్కగానే తీగచుట్ట కొన్నివేల వోల్టుల తాకుడు నిచ్చును. వాయువు అయనీకరణము చెంది దారి యిచ్చును. కెపాసిటరులోని విద్యుత్తు గొట్టము గుండ దుమికి తెల్లని వెలుగగును. ఇట్టి మెరుపును ఛాయాచిత్రణమున వాడుకలోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్. ఆయన యీ కృషి 1930 దశకమున ప్రసిద్ధికి వచ్చెను.

ఈ మెరుపు శక్తి యెంత? 230 వోల్టుల ఇంటి కరెంటు శిఖరమున సుమారు 325 వోల్టులుండును. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరును అంతవరకు నింపినచో అందు సుమారు 53 జౌళ్ళ శక్తి చేరును. అది సెకనులో వెయ్యవవంతున ఖర్చయినచో, ఆ క్షణమున సగటున 53 కిలోవాట్లు! మన పొలములలోని 5 అశ్వశక్తుల మోటార్లు పదునాలుగు కలిసి చేయు పనికి ఇది సమానము. ఆ శక్తి మనుష్యుని చేతిగుండ పోయినచో నేమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

లక్షణమును బట్టి లోపము

దీపములో ఏ సూచికయు వెలుగనిచో మొదట గోడ ప్లగ్గును, తీగను, ఫ్యూజును చూడవలెను. అదే కొలత గల క్రొత్త ఫ్యూజు వేసినను మరల కాలిపోయినచో, లోపల డయోడో కెపాసిటరో చెడినదని గ్రహింపవలెను. పెద్ద ఫ్యూజు వేయుట రోగమును దాచి నిప్పును పిలుచుటయే.

దీపముపైనున్న పరీక్షమీట నొక్కిన మెరసి, కెమెరాతో మెరవకున్నచో దీపమున దోషము లేదు. సింక్ తీగ తెగియుండును, లేదా రేడియో ట్రిగ్గరులోని బ్యాటరీ నీరసించియుండును. ఫోటోలో ఒక ప్రక్క నల్లని పట్టీ పడినచో షట్టరు వేగము హెచ్చుగా నున్నదని యర్థము.

సిద్ధసూచిక వెలిగియు పరీక్షమీటకు మెరవనిచో గొట్టమునో తీగచుట్టనో అనుమానింపవలెను. గొట్టము కొనలు మిక్కిలి నల్లబడుట దాని వార్ధక్య చిహ్నము.

వెలుగు తగ్గినచో వోల్టేజిని కొలువుడు. శక్తి వోల్టేజి వర్గమును బట్టి మారును. జెనరేటరుపైననో, లైను చివరనో 230కి బదులు 200 వోల్టులే వచ్చినచో, వోల్టేజిని స్థిరపరచు ఏర్పాటు లేని దీపమున శక్తి ముప్పాతికకు దిగును. ఇది దీపము తప్పు కాదు.

నిండుటకు చాలసేపు పట్టుచున్నచో కెపాసిటరు లీకగుచున్నదేమో చూడవలెను. దానిలోని సన్నని ఆక్సైడు పొర వేడికి త్వరగా క్షీణించును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ఆయువు ఇంచుమించు సగమగునని లెక్క. రామగుండము, ఆదిలాబాదు ఎండలలో దీపమును మూసిన కారులో నుంచుట తగదు. నెలల తరబడి మూలబడిన దీపమును మొదట తక్కువ శక్తిపై కొంతసేపుంచి, పిదప పూర్తిగా వాడవలెను.

పాత దీపములు కొన్నింట సింక్ తీగ కొనలయందు 200 వోల్టులకు మించి యుండును. వానిని నేటి డిజిటల్ కెమెరాకు సూటిగా తగిలించిన కెమెరాయే పాడగును. ముందుగా మీటరుతో కొలువుట మేలు.

పెట్టె విప్పవలసి వచ్చినచో

ఆ పని తెలిసినవారిదే. వారును ప్లగ్గు తీసి, కొన్ని నిముషములాగి, తగిన నిరోధకము ద్వారా కెపాసిటరును ఖాళీచేసి, మీటరుపై సున్న చూచిన తరువాతనే చేయి పెట్టుదురు. స్క్రూడ్రైవరుతో రెండు కొనలను కలుపరాదు. అది పేలుడువలె చిటిలి లోహమును కరగించును. ఖాళీచేసిన కెపాసిటరులోను కొంత వోల్టేజి తిరిగి తలయెత్తుట కలదు. కావున పని ముగియువరకు దాని కొనలను నిరోధకముతో కలిపియే యుంచవలెను.

నింపుట, నిలువచేయుట, ప్రేరేపించుట – ఈ మూడింటిలో ఏది తప్పినదో బయటి లక్షణములే చెప్పును. తీగ, ఫ్యూజు, బ్యాటరీ, వోల్టేజి – ఇవి స్టూడియోవారు చూచుకొనదగినవి. తక్కినవి మెకానిక్కున కప్పగించుట ప్రాణమునకును, ధనమునకును క్షేమము.