పెద్ద రెక్క కట్టగానే పడవ పరుగెత్తదు

మార్కాపురానికీ పొదిలికీ మధ్య ఉన్న కొనకనమిట్ల వైపు ఊళ్ళలో పిల్లలందరికీ తెలిసిన మాట ఒకటున్నది: "మోటారు కాలిపోయింది!" నీళ్ళు ఎక్కడో లోతున ఉండే మెట్ట ప్రాంతం అది. బోరు వేసి, మోటారు దించి, ఆ నీటితోనే చేను బతికించుకోవాలి. ఇసుక పట్టి పంపు బిగుసుకున్నా, వోల్టేజి పడిపోయినా, శక్తికి మించిన పంపు తగిలించినా మోటారు లోపలి రాగితీగ మాడిపోతుంది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. మోటారు పైకి తీయించాలి, వైండింగు చేయించాలి. ఈలోగా చేను వాడిపోతుంది.

ఈ సంగతి పడవల వ్యాసంలో ఎందుకు వచ్చిందంటారా? రేడియోతో నడిచే చిన్న ఎలెక్ట్రిక్ పడవకు కూడా సరిగ్గా ఇదే జబ్బు చేస్తుంది. అది ఎలాగో చూద్దాం.

వానలు బాగా కురిసి ఊరి చెరువు నిండిందనుకోండి. అన్నదమ్ములిద్దరు ఒకే రకం పడవలు రెండు చెరువుకు తెచ్చారనుకోండి. రెండింటిలోనూ ఒకే మోటారు, ఒకే బాటరీ. తేడా అంతా పడవ వెనక నీళ్ళలో తిరిగే మరరెక్కలో, అంటే ప్రొపెల్లరులో ఉన్నది. తమ్ముడు 30 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్రొపెల్లరు బిగించాడు. అన్న 36 మిల్లీమీటర్లది బిగించాడు.

"ఒరే, నువ్వు కట్టింది రెక్కా, గచ్చకాయా?" అని అన్న నవ్వాడు.

"చూద్దాంలే అన్నా," అన్నాడు తమ్ముడు.

పందెం మొదలయింది. మొదట అన్న పడవే ముందుకు దూకింది. కాని రెండు నిమిషాలు గడిచేసరికి దాని జోరు తగ్గింది. మూడో నిమిషంలో అది చెరువు మధ్య ఆగిపోయి, సన్నగా పొగ వదిలింది. తమ్ముడి పడవ నిదానంగా అవతలి గట్టు చుట్టి తిరిగి వచ్చింది.

ఎందుకిలా జరిగింది? ప్రొపెల్లరు పని చేసే తీరు తెలిస్తే ఇది మనకే అర్థమవుతుంది.

మరమేకును చెక్కలో పెట్టి తిప్పితే ఒక్కొక్క చుట్టుకు కొంత దూరం లోపలికి పోతుంది గదా! ప్రొపెల్లరు కూడా నీళ్ళలో అలాగే ముందుకు పోతుంది. ఒక చుట్టుకు అది ఎంత దూరం పోవాలో ఆ దూరాన్ని "పిచ్" అంటారు. 30 మిల్లీమీటర్ల ప్రొపెల్లరుకు పిచ్ వ్యాసానికి 1.4 రెట్లు ఉంటే, అది చుట్టుకు 42 మిల్లీమీటర్లు పోతుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే 504 మీటర్లు, అంటే గంటకు సుమారు 30 కిలోమీటర్లు. అయితే నీళ్ళు చెక్కలాగా గట్టిగా ఉండవు, వెనక్కు జారిపోతాయి. అందుచేత పడవ నిజంగా పోయే వేగం ఈ లెక్కకంటె తక్కువగానే ఉంటుంది.

ఈ మరను పడవలకు తగిలించిన తొలివారిలో ఒకడు ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఇంగ్లీషు రైతు. చిన్నప్పటినుంచీ అతనికి బొమ్మపడవలు చేయడమంటే మహా ఇష్టం. 1835లో అతను స్ప్రింగుతో తిరిగే మర అమర్చిన బొమ్మపడవ ఒకటి చేసి, తన పొలం దగ్గిరి కుంటలో నడిపి చూశాడు. మరుసటి ఏడు పేటెంటు తీసుకున్నాడు. ఆ ఏడే నిజం పడవ కట్టి లండనులో ఒక కాలువలో నడిపించాడు. దానికి రెండు చుట్లు తిరిగిన పొడుగాటి కొయ్యమర ఉన్నది. ప్రయాణంలో అది దేనికో కొట్టుకుని సగం విరిగిపోయింది. ఇక పడవ ఆగిపోతుందనుకున్నారు. కాని అది ఆగలేదు సరిగదా, మునుపటికంటె వేగం అందుకున్నది! మర ఎంత పెద్దదైతే అంత మంచిదన్న నమ్మకం ఆ విధంగా విరిగిపోయింది. స్మిత్ మరలను పొట్టిగా చేయించసాగాడు. బొమ్మపడవతో ఆడుకున్న ఆ రైతు ఆలోచనే తరవాత సముద్రాలు దాటే ఓడలకు ఎక్కింది.

ఇక మన అన్న పడవ సంగతి. 30 మిల్లీమీటర్లకు బదులు 36 పెడితే వ్యాసం ఐదోవంతు మాత్రమే పెరిగింది. మరి మోటారు మీద భారం కూడా ఐదోవంతే పెరుగుతుందా? లేదు. రెక్కల ఆకారం, తిరిగే చుట్లు మారకుండా ఉంటే, ప్రొపెల్లరుకు కావలసిన శక్తి వ్యాసాన్ని అయిదుసార్లు హెచ్చవేసినట్టు పెరుగుతుంది. అంటే 1.2ను 1.2తో అలా హెచ్చవేసుకుంటూ పోవాలి. జవాబు సుమారు రెండున్నర! చూడడానికి ఆరు మిల్లీమీటర్ల తేడా. మోటారుకు మాత్రం రెండున్నర రెట్ల బరువు. 3 మిల్లీమీటర్లు పెంచినా, అంటే 33 పెట్టినా, బరువు ఒకటింబావుకు మించి 1.6 రెట్లు అవుతుంది.

ఇంత బరువు మోయలేక మోటారు కాస్త నెమ్మదిస్తుంది. ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. తిరిగే మోటారు తనలో తానే ఎదురు వోల్టేజి పుట్టించి, బాటరీ నుంచి వచ్చే కరెంటును కొంత ఆపుతూ ఉంటుంది. తిరుగుడు తగ్గితే ఆ అడ్డు కూడా తగ్గి, కరెంటు ఇంకా ఎక్కువగా దూసుకు వస్తుంది. రెక్కకు నాచు చుట్టుకుని మోటారు పూర్తిగా ఆగిపోతే అడ్డే ఉండదు. బిగుసుకున్న బోరు మోటారు నిమిషాలలో మాడిపోయేది అందుకే.

కరెంటు పెరిగితే వేడి మామూలుగా పెరగదు. తీగలో 20 ఆంపియర్లు పారేచోట 30 పారితే వేడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది. 40 పారితే నాలుగు రెట్లు. పైగా వేడెక్కిన రాగి కరెంటును ఇంకా ఎక్కువగా అడ్డగిస్తుంది. 50 డిగ్రీలు వేడెక్కితే ఆ అడ్డు సుమారు ఐదోవంతు పెరుగుతుంది. అంటే వేడి మరింత వేడిని పుట్టిస్తుందన్నమాట. ఈ వేడి మోటారుకే కాదు, వేగాన్ని అదుపుచేసే పరికరానికీ, బాటరీకీ కూడా తగులుతుంది. ఇటువంటి పడవలలో వాడే లిథియం బాటరీ 60 డిగ్రీలు దాటితే చెడిపోతుంది; ఒక్కొక్కప్పుడు ఉబ్బి అంటుకుంటుంది కూడా. మోటారులోని అయస్కాంతాలు అతిగా వేడెక్కితే వాటి బలం మళ్ళీ తిరిగి రాకుండా తగ్గిపోతుంది.

మన ప్రాంతం పిల్లలు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. చలికాలం పొద్దున గాలి 22 డిగ్రీలుంటే, బాటరీ 60 డిగ్రీలకు చేరడానికి 38 డిగ్రీలు వేడెక్కాలి. ఎండాకాలం మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే 18 డిగ్రీలు చాలు. జనవరిలో చక్కగా నడిచిన ప్రొపెల్లరే మే నెలలో పడవను కాల్చగలదు! అందుచేత ఎండాకాలంలో చిన్న రెక్క బిగించి, కొద్దిసేపే నడపాలి.

మరి పెద్ద మోటారు పెడితే ఎంత వేగమైనా వస్తుందా? ఆ ప్రయత్నం చేసినవాడు చార్లెస్ పార్సన్స్. 1894లో ఆయన "టర్బీనియా" అనే ఆవిరి నౌక కట్టాడు. యంత్రానికి బలం కావలసినంత ఉన్నది, నౌక మాత్రం అనుకున్నంత వేగం పోలేదు. రెక్కలు మరీ జోరుగా తిరిగేసరికి వాటి వెనక నీరు చీలి బుడగలుగా మారుతున్నది. బుడగల్లో తిరిగే రెక్కకు పట్టు ఎక్కడిది? పార్సన్స్ చిన్న నీటితొట్టి చేసి, ఆ బుడగలను కళ్ళారా చూశాడు. తరవాత ఒక్క ఇరుసుకు బదులు మూడు ఇరుసులు పెట్టి, ఒక్కొక్కదానికి మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు అమర్చాడు. 1897లో టర్బీనియా గంటకు 34 నాట్లు, అంటే 60 కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెత్తి, నౌకాదళాల వాళ్ళందరినీ ఆశ్చర్యపరిచింది. మరుసటి ఏడే నికొలా టెస్లా న్యూయార్కులో రేడియోతో నడిచే చిన్న బాటరీ పడవను జనానికి చూపాడు. మీరు ఆడుకునే పడవలకు ముత్తాత అదే.

పెద్దవాళ్ళు కూడా ఈ పరీక్షలు బొమ్మపడవలతోనే చేస్తారు. విశాఖపట్నంలో 1969లో ఏర్పడిన నౌకాదళ పరిశోధనశాల, నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ, ఉన్నది. అక్కడ అర కిలోమీటరు పొడుగు గల నీటితొట్టిలో ఓడల నమూనాలను లాగి చూస్తారు. ప్రొపెల్లర్ల వెనక పుట్టే బుడగలను పరీక్షించడానికి వేరే సొరంగం ఉన్నది. కోట్ల రూపాయల ఓడ కట్టేముందు చిన్న నమూనాను నడిపి చూసుకోవడం తెలివి గదా!

మనమూ ఆ పద్ధతినే నడుద్దాం. ప్రొపెల్లరు ఎంచుకునేటప్పుడు ముందుగా మోటారు మీదా, వేగం అదుపుచేసే పరికరం మీదా ఎన్ని ఆంపియర్లకు మించరాదని రాసి ఉన్నదో చూడండి. పడవకు చెప్పిన ప్రొపెల్లర్లలో అన్నిటికంటె చిన్నదానితో మొదలుపెట్టండి. ఒక్క నిమిషం నడిపి, గట్టుకు తెచ్చి, స్విచ్చి ఆపి, నాన్నగారి చేత మోటారునూ బాటరీనీ తాకించండి. గోరువెచ్చగా ఉంటే మంచిది. వేలు ఉంచి మూడు లెక్కపెట్టలేకపోతే ఆ ప్రొపెల్లరు పనికిరాదు. వ్యాసం, పిచ్, నడిచిన సమయం, వేడి, అన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

వేగం చాలలేదనిపిస్తే తేలికైన పడవకు ముందు పిచ్ కాస్త పెంచండి. బరువు లాగే నిదానపు పడవకు వ్యాసం పెద్దదీ, పిచ్ తక్కువదీ కావాలి. మోటారు వేడెక్కితే వ్యాసమో పిచ్చో తగ్గించండి. మూడు రెక్కలది తీసి రెండు రెక్కలది పెట్టవచ్చు. కొన్ని పడవలలో చెరువు నీళ్ళే సన్నని గొట్టంలో మోటారు చుట్టూ తిరిగి పక్కనుంచి చిమ్ముతాయి. ఆ ధార ఆగితే నాచో మట్టో అడ్డుపడ్డదన్నమాట. వెంటనే పడవను తెచ్చెయ్యండి. ఇంతకూ ఆ నీళ్ళు వేడిని మోసుకుపోతాయేగాని పుట్టకుండా ఆపలేవు. వేడి పుట్టేది తగని రెక్క వల్ల.

అన్నదమ్ముల సంగతి మిగిలిపోయింది. పడవ ఆగగానే అన్న చొక్కా విప్పి చెరువులోకి దిగబోయాడు. నాన్న చెయ్యిపట్టుకు ఆపాడు. "పడవ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. గాలి దాన్ని ఎప్పటికైనా ఒడ్డుకు తెస్తుంది, ఆగు!" అన్నాడు. మీరూ అంతే: ఆగిన పడవకోసం చెరువులో ఎప్పుడూ దిగవద్దు.

సాయంత్రానికి పడవ గట్టుకు కొట్టుకువచ్చింది. అన్న ఏడాదిపాటు దాచుకున్న డబ్బుతో కొన్న మోటారు నల్లగా మాడి ఉన్నది.

"మన 5 హార్స్‌పవర్ మోటారుకు ఏడున్నర పంపు బిగిస్తే ఏమవుతుందిరా?" అని నాన్న అడిగాడు.

"కాలిపోతుంది," అన్నాడు అన్న, తల వంచుకుని.

"మరి నీకు తెలిసినదే గదా!"

అన్న ఇంకేమీ అనలేదు. తమ్ముడి దగ్గిర కూర్చుని వాడి నోటు పుస్తకం తీసుకుని, 33 మిల్లీమీటర్ల రెక్కకు లెక్క కట్టడం మొదలుపెట్టాడు. ఈసారి మోటారు కొనకముందే.